సుబేదారి రోడ్డు మీద వేగం తగ్గించండి: కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన హనుమకొండ జిల్లా కలెక్టర్ గారికి,



జిల్లా రహదారి భద్రతా కమిటీకి అధ్యక్షులు మీరే కనుక ఈ ఉత్తరం మీకు రాస్తున్నాను. అన్నిటికన్నా ముందు అడుగుతున్నది ఒక్కటే. కలెక్టరేట్, ఆర్ట్స్ కాలేజీ ప్రాంతం నుంచి అదాలత్ సెంటర్ దాకా ఉన్న సుబేదారి రోడ్డు మీద బండ్ల వేగాన్ని గంటకు 30 కిలోమీటర్లకు దించండి. ఊరికే బోర్డు పాతితే దిగదు. అంతకు మించి పోవడానికి వీలులేకుండా రోడ్డునే మార్చాలి. ఇంత చిన్న కోరికకు ఇంత పొడుగు ఉత్తరం ఎందుకంటే, ఇది చిన్న కోరిక అని చాలామంది అనుకోవడం వల్లనే ఇన్నాళ్లూ ఎవరూ గట్టిగా అడగలేదు.

నేను ఇంటర్ పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన మాస్టారిని. సుబేదారిలో ఉంటాను. నిజాం కాలంలో సుబేదారు కొలువుండిన పేట ఇది. ఇప్పుడు జిల్లా మొత్తానికీ పని పడే చోటు. పింఛను కోసం, భూమి కాగితాల కోసం పల్లెల నుంచి వచ్చే ముసలివాళ్లు, కాలేజీకి వచ్చే పిల్లలు, కోర్టు వాయిదాలకు వచ్చేవాళ్లు, ఠాణాకు ఫిర్యాదుతో వచ్చేవాళ్లు, అందరూ ఈ రోడ్డును ఏదో ఒక చోట నడిచి దాటాల్సిందే. అదే రోడ్డు మీద కాజీపేట నుంచి హనుమకొండ చౌరస్తా దాకా బస్సులూ ఆటోలూ బైకులూ కార్లూ పరుగులు పెడతాయి. ఒకే రోడ్డును ఒకరు అడ్డంగా, ఒకరు నిలువుగా వాడుకుంటున్నారు. అడ్డంగా నడిచేవాడికి ఒంటి మీద చొక్కా తప్ప ఏమీ లేదు. ఆ ఇద్దరి మధ్య న్యాయం చేయగలిగింది వేగం తగ్గించడం ఒక్కటే.

లెక్క చెప్తాను, నాకు తెలిసిన పని అదే. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. ముందు మనిషి కనబడి, మెదడుకు తెలిసి, కాలు బ్రేకు మీద పడేసరికి సెకనున్నర అవుతుంది. ఆలోగా బండి 25 మీటర్లు వచ్చేస్తుంది. ఆ తర్వాత మంచి టైర్లు, పొడి రోడ్డు ఉంటే ఇంకో 20 మీటర్లకు ఆగుతుంది. మొత్తం 45 మీటర్లు. అదే 30 కిలోమీటర్ల వేగమైతే తెలుసుకోవడానికి పన్నెండున్నర మీటర్లు, ఆగడానికి ఐదు మీటర్లు, అంతా కలిపి పదిహేడున్నర. అంటే 30లో వచ్చే బండి పూర్తిగా ఆగిపోయిన చోటుకు 60లో వచ్చే బండి చేరేసరికి దాని డ్రైవర్ ఇంకా బ్రేకు మీద కాలే పెట్టలేదు. ఆ చోట ఒక మనిషి ఉంటే మొదటి బండి ముందు ఆయన ఉలిక్కిపడి పక్కకు తప్పుకుంటాడు. రెండో బండి ఆయనను 60 వేగంతోనే గుద్దుతుంది. డ్రైవర్ తాగి లేడు, ఫోను చూడలేదు, కళ్లు రోడ్డు మీదే ఉన్నాయి. అయినా ఇంతే.

గుద్దిన దెబ్బ ఎంతటిదో కూడా చూడండి. 30 కిలోమీటర్ల దెబ్బ మూడున్నర మీటర్ల ఎత్తు నుంచి, అంటే ఒక అంతస్తు డాబా మీది నుంచి పడ్డంత. కాలో చెయ్యో విరుగుతుంది, చాలామంది బతుకుతారు. 50కి ఆ ఎత్తు దాదాపు 10 మీటర్లు. 60కి 14 మీటర్లు. 70కి 19 మీటర్లు, ఐదంతస్తుల పైమాటే. ఈ 70 ఎందుకు చెప్పానంటే, పురపాలక పరిధిలో కార్లకు 70, ద్విచక్ర వాహనాలకు 60 దాకా గరిష్ఠ వేగాన్ని అనుమతిస్తూ 2018 ఏప్రిల్‌లో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. వేరే పరిమితి పెట్టనంత కాలం కాలేజీ ముందు, కచేరీ ముందు కూడా చట్టం ప్రకారం ఆ వేగం నేరం కాదన్నమాట. అయితే మోటారు వాహనాల చట్టం 112వ సెక్షన్ ప్రకారం, ఒక ప్రాంతంలోనో ఒక రోడ్డు మీదనో ప్రజల భద్రత కోసం అంతకన్నా తక్కువ పరిమితి పెట్టే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికీ, అది అధికారమిచ్చిన సంస్థకూ ఉంది. మనుషులూ బండ్లూ కలిసి తిరిగే వీధుల్లో 30 దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పటి నుంచో చెప్తోంది.

నడిచేవాళ్ల వైపు నుంచి చూస్తే లెక్క ఇంకా కటువుగా ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడు. మోకాళ్ల నొప్పులున్న ముసలమ్మ 0.8 మీటర్లు నడిస్తే గొప్ప. నాలుగు వరుసల రోడ్డు, పదిహేను మీటర్లనుకుందాం, దాటడానికి ఆమెకు 18, 19 సెకన్లు పడుతుంది. అంతలో 60లో వచ్చే బైకు 300 మీటర్లు వస్తుంది. ఆమె మొదటి అడుగు వేసినప్పుడు ఆ బైకు ఆమె కంటికి ఆననే ఆనదు. దాటే చోట డివైడర్ దగ్గర గట్టిగా నిలబడేంత జాగా ఇస్తే ఆమె సగం రోడ్డు తొమ్మిది సెకన్లలో దాటి, ఆగి, ఊపిరి తీసుకుని, రెండో వైపు చూసుకుని, మిగతా సగం దాటవచ్చు. ఒకటిన్నర మీటర్ల జాగా, కాస్త సిమెంటు, రెండు దీపాలు. రోడ్డు ఇంజినీర్లకు ఇది కొత్త విద్యేం కాదు.

ఇదంతా చెప్తుంటే నాకు ఎదురయ్యే జవాబు ఎప్పుడూ ఒకటే: "మనోళ్లకు ట్రాఫిక్ సెన్స్ లేదు సార్, రోడ్డేం చేస్తది?" ఈ మాటను నేను ఒప్పుకోను. జనం తప్పులు చేస్తారు, నిజమే. పిల్లలు పరధ్యానంగా ఉంటారు, పల్లె నుంచి వచ్చినవాళ్లు అలవాటు లేక తడబడతారు, కొడుకు ఆస్పత్రిలో ఉన్న తండ్రి ముందూ వెనకా చూసుకోకుండా బండి తోలతాడు. వీటిలో ఏ తప్పుకూ మరణశిక్ష లేదు. మనిషి తప్పు చేసినా ప్రాణం పోకుండా రోడ్డు కట్టాలన్నది 1997లో స్వీడన్ పార్లమెంటు ఒప్పుకున్న సూత్రం. ఫిన్లాండ్ రాజధాని హెల్సింకిలో సగానికి పైగా వీధుల్లో వేగ పరిమితి 30. ఆ నగరంలో 2024 జూలై నుంచి ఏడాది పాటు ట్రాఫిక్ ప్రమాదంలో ఒక్కరు కూడా చనిపోలేదు. అక్కడివాళ్లు మనకన్నా పుణ్యాత్ములు కారు. అక్కడి రోడ్డు తొందరపడేవాడిని తొందరపడనివ్వదు, అంతే తేడా. ధనిక దేశాల సంగతి మనకెందుకంటారా, ముంబై–పుణె ఎక్స్‌ప్రెస్‌వే మీద 2016లో 151 మంది చనిపోయారు. ఏ మలుపులో, ఏ గోడకు, ఏ సమయంలో చనిపోతున్నారో ఒక్కో కేసూ తిరగేసి, చోటు చోటుకూ మరమ్మతు చేసుకుంటూ వచ్చాక కొన్నేళ్లలో ఆ సంఖ్య సగానికి తగ్గింది. అది మన దేశమే, మన డ్రైవర్లే.

కొండగట్టు మీకు గుర్తుండే ఉంటుంది. 2018 సెప్టెంబర్ 11న ఘాట్ రోడ్డు మీది నుంచి ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. రాష్ట్రమంతా ఏడ్చింది. 2022లో మన తెలంగాణలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు 7,500 మందికి పైగా. రోజుకు ఇరవై మంది. మూడు రోజులకొక కొండగట్టు జరిగినట్టే. కాకపోతే ఒక్కొక్కరుగా, వేర్వేరు ఊళ్లలో, వేర్వేరు ఠాణాల పరిధిలో పోతారు కనుక జిల్లా పేజీలో నాలుగు వరుసలతో సరిపోతుంది. మన మామునూరు దగ్గర 2025 జనవరి 26న ఇనుప పట్టాల లారీ బోల్తాపడి, పక్కన పోతున్న ఆటోల మీద ఆ పట్టాలు పడ్డప్పుడు చనిపోయినవాళ్లు పొట్ట చేతబట్టుకుని వచ్చిన వలస కూలీలు. ఎన్ని రోజులు మాట్లాడుకున్నాం?

దేశం మొత్తం మీద 2022లో 1,68,491 మంది చనిపోయారు. అందులో దాదాపు 44 శాతం ద్విచక్ర వాహనాల మీద పోయేవాళ్లు, 19 శాతానికి పైగా నడిచేవాళ్లు. దాదాపు మూడింట రెండొంతులు మన సుబేదారి రోడ్డు మీద రోజూ కనిపించే మనుషులే. కేంద్ర రవాణా శాఖ లెక్కల్లోనే మృతుల్లో నూటికి డెబ్భై మందికి కారణం అతివేగం అని ఉంది.

ఇక్కడ నాకున్న అభ్యంతరం ఒకటి సూటిగా చెప్పాలి. ప్రమాదం జరగ్గానే "అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి" అని ఎఫ్ఐఆర్ రాస్తారు. ఒకప్పుడు ఐపీసీ 304ఏ, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 106. రాయాల్సిందే, బాధ్యుడికి శిక్ష పడాల్సిందే. అయితే ఆ ఒక్క వాక్యంతో విచారణ ముగిసిపోతుంది. అక్కడ దీపం వెలుగుతోందా? డివైడర్ సందు ఎంత దూరంలో ఉంది? జీబ్రా గీతలు చెరిగిపోయి ఎన్నాళ్లయింది? స్పీడ్ బ్రేకర్‌కు ముందు హెచ్చరిక ఉందా? బస్సు ఎక్కడ ఆగుతోంది, దిగినవాళ్లు ఎటు పోవాలి? ఈ ప్రశ్నలు కోర్టులో ఎవరూ వేయరు, బీమా కంపెనీకి అక్కర్లేదు. చచ్చిపోయినవాడి తప్పో, గుద్దినవాడి తప్పో తేలుతుంది. వచ్చే నెల అదే చోట మరొకరు పడతారు. రోడ్డు నిర్మాణంలో, నిర్వహణలో ప్రమాణాలు పాటించక ప్రాణం పోతే కాంట్రాక్టరుకూ, ఆ పని చూసిన సంస్థకూ లక్ష రూపాయల దాకా జరిమానా వేయవచ్చని మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో 198ఏ సెక్షన్ చేర్చారు. ఆ సెక్షన్ పేరు మా వీధిలో అడిగితే ఎవరికీ తెలియదు.

మీరు అధ్యక్షత వహించే కమిటీ పుట్టిందే ఇందుకు. కోయంబత్తూరుకు చెందిన ఎముకల డాక్టరు ఎస్. రాజశేఖరన్ గారు, విరిగిన ఒళ్లకు కట్లు కట్టీ కట్టీ, ఇవి విరగకుండా చూడమంటూ 2012లో సుప్రీంకోర్టు తలుపు తట్టారు. ఆ కేసులోనే 2014లో జస్టిస్ కె.ఎస్. రాధాకృష్ణన్ గారి ఆధ్వర్యంలో కమిటీ ఏర్పడింది. 2017 నవంబర్ 30న ఇచ్చిన ఆదేశాల్లో ప్రతి జిల్లాకూ కలెక్టర్ అధ్యక్షతన ఒక కమిటీ ఉండాలని కోర్టు చెప్పింది. పోలీసులు, ఆర్ అండ్ బీ, రవాణా శాఖ, వైద్య ఆరోగ్య శాఖ అందులో కూర్చుంటారు. మన దగ్గర ఒక రోడ్డు ఆర్ అండ్ బీది, పక్క రోడ్డు జాతీయ రహదారుల వాళ్లది, డ్రైనేజీ కార్పొరేషన్‌ది, కొత్త లేఅవుట్ కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ కుడాది, కరెంటు స్తంభం విద్యుత్ సంస్థది, సిగ్నల్ పోలీసులది. పాదచారి ఎవరివాడూ కాడు. వీళ్లందరినీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి "ఈ మనిషి మనందరివాడు" అనగలిగిన కుర్చీ జిల్లాలో మీదొక్కటే. అందుకే ఈ ఉత్తరం కమిషనర్ గారికో మేయర్ గారికో రాయలేదు.

పోలీసులు ప్రతి ప్రమాదం వివరాలనూ ఐరాడ్ యాప్‌లో ఎక్కిస్తున్నారు. ఎక్కడ, ఎన్నింటికి, ఏ బండి, ఎవరు, హెల్మెట్ ఉందా లేదా అన్నీ అందులో ఉంటాయి. మనుషుల పేర్లు తీసేసి, చోట్లను మాత్రం పటం మీద చుక్కలుగా పెట్టి మూడు నెలలకోసారి బయటపెట్టండి. ప్రాణం పోయిన ప్రతిచోటికీ ఒక ఇంజినీరు, ఒక ఎస్ఐ కలిసి మర్నాడు వెళ్లి ఒక పేజీ రాయాలి. రోడ్డు ఏం చేసింది, ఏం చేసి ఉంటే ఈ మనిషి బతికేవాడు అని. ఆ పేజీ జనానికి దొరకాలి. నేను అడిగేవాటిలో అన్నిటికన్నా తక్కువ ఖర్చుది ఇదే, అన్నిటికన్నా ఎక్కువ వ్యతిరేకత వచ్చేదీ ఇదేనని తెలుసు.

వేగం తగ్గించాలనగానే మనవాళ్లకు తోచేది స్పీడ్ బ్రేకర్. రాత్రికి రాత్రి తారు కుప్ప పోసి పోతారు. ఆ కుప్పే బైకును ఎగరేసి వెనక కూర్చున్న తల్లిని కింద పడేస్తుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, పైన తెలుపు నలుపు చారలు, ముందుగా బోర్డు. బండి మెల్లగా ఎక్కి మెల్లగా దిగుతుంది, నడుము విరగదు. కాలేజీ గేటు ముందూ కలెక్టరేట్ ముందూ నేను కోరేది అంతకన్నా మెరుగైనది: జీబ్రా గీతలనే ఫుట్‌పాత్ ఎత్తుకు లేపి కట్టిన దాటుబాట. నడిచేవాళ్లు దిగి ఎక్కనక్కర్లేదు, బండివాడే ఎక్కి దిగాలి. ఆ ఒక్క మార్పుతో ఆ చోటు ఎవరిదో డ్రైవర్‌కు చెప్పకుండానే తెలుస్తుంది. ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగం 21వ అధికరణలోని జీవించే హక్కులో భాగమని 2025 మే 14న సుప్రీంకోర్టు చెప్పింది. రాజశేఖరన్ గారి కేసులోనే 2025 అక్టోబర్ 7న, పాదచారుల భద్రతకు నియమాలు చేయమని రాష్ట్రాలను ఆదేశించింది. కనుక మేము అడుగుతున్నది దయతో ఇచ్చేది కాదు, హక్కుగా రావలసింది. ఫుట్‌పాత్ మీద బతుకుతున్న చిరువ్యాపారులను తరిమేయమని మాత్రం నేను అడగను. వాళ్లకు హద్దు గీసి చోటివ్వండి, నడిచేవాళ్లకు దారి విడవండి. రెండూ పట్టేంత తెలివి మన ఇంజినీర్లకు ఉంది.

రెండు కిలోమీటర్ల దూరానికి 60లో పోతే రెండు నిమిషాలు, 30లో పోతే నాలుగు. పోయేది రెండు నిమిషాలు. నగరానికి సంబంధం లేని లారీలకు రింగు రోడ్డు ఉంది. మిగిలినవాళ్లం ఆ రెండు నిమిషాలు ముందు బయల్దేరగలం.

హెల్మెట్ గురించి వేరుగా చెప్పాలి, ఎందుకంటే ఈ విషయంలో నా పూర్వ విద్యార్థులతోనే నాకు పేచీ. బండి అద్దానికి తగిలించుకుని, లేదా మోచేతికి వేసుకుని పోతుంటారు. ఆపి అడిగితే "ఇక్కడికే గద సార్, నక్కలగుట్ట దాకనే" అంటారు. మళ్లీ లెక్కే చెప్తాను. బండి ఆగి ఉన్నా సరే, మనిషి ఒరిగిపోయి తల నేలకు తగిలితే, ఒకటిన్నర మీటర్లకు పైబడిన ఎత్తు నుంచి పడ్డ తల గంటకు 20 కిలోమీటర్ల వేగంతో సిమెంటును తాకుతుంది. ఆ వేగానికి బండి వేగంతో పని లేదు, భూమి ఆకర్షణ చాలు. హెల్మెట్ లేని తల రెండు మూడు మిల్లీమీటర్లలో ఆగిపోతుంది. హెల్మెట్ లోపలి మందపాటి థర్మోకోల్ నలిగి, అదే తలను రెండున్నర సెంటీమీటర్ల మేర మెల్లగా ఆపుతుంది. ఆగే దూరం పది రెట్లయితే మెదడు మీద పడే బలం పదో వంతవుతుంది. ఇందులో ఎక్కువ పని ఆ థర్మోకోల్‌ది, పై చిప్పది కాదు. అందుకే ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే కనిపించినా మార్చేయాలి. అందుకే థర్మోకోల్ లేని, నెత్తిన బోర్లించే టోపీలాంటివి పనికిరావు. ఐఎస్ఐ గుర్తు లేనివి తయారుచేయడం, అమ్మడం 2021 జూన్ 1 నుంచే నిషేధం. పట్టీ బిగించకపోతే పడే లోపలే హెల్మెట్ ఒకవైపు, తల ఒకవైపు పోతాయి.

2022లో హెల్మెట్ లేక చనిపోయినవాళ్లు దేశంలో 50,029 మంది. వారిలో 14,337 మంది బండి నడిపినవాళ్లు కూడా కాదు, వెనక కూర్చున్నవాళ్లు. మన ఇళ్లల్లో వెనక కూర్చునేది ఎవరు? అమ్మ, భార్య, చెల్లె, కూతురు. ముందు కూర్చున్న మగవాడు చలాన్ భయానికి హెల్మెట్ పెట్టుకుంటాడు. చీర కట్టుకుని ఒకవైపుకు కూర్చుని, ఒళ్లో పసిబిడ్డను పట్టుకున్న ఆమెకు ఉండదు. గతుకు వస్తే ముందు పడేది ఆమే. నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ హెల్మెట్ తప్పనిసరి అని మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ చెప్తుంది. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలను బండి మీద తీసుకెళ్తే వాళ్లకు తగిన హెల్మెట్, వాళ్లను నడిపేవాడికి కలిపి కట్టే రక్షణ బెల్టు ఉండాలి, వేగం 40 దాటకూడదు. ఇది 2023 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న నియమం. ఇంట్లో ఒకే హెల్మెట్ కొని దాన్ని సంపాదించేవాడి తలకు పెట్టడం మన అలవాటు. కూతురి తల అంత విలువైనది కాదా? చున్నీ, కొంగు చక్రంలో పడకుండా వెనక చక్రానికి ఉండాల్సిన జాలీని సోకుకోసం పీకేయించే కుర్రాళ్లకు కూడా ఈ మాటే చెప్తున్నాను.

చలాన్ల మీద నాకు కోపం లేదు. కెమెరా ఫొటో తీసి ఇంటికి పంపడం మంచిదే. రాయితీల మీద కోపం ఉంది. 2022 మార్చిలో ద్విచక్ర వాహనాల పాత చలాన్లకు 75 శాతం, 2023 డిసెంబర్ చివర్లో 80 శాతం మాఫీ ఇచ్చారు. ఖజానాకు డబ్బు వచ్చింది. కుర్రాళ్లకు అర్థమైంది మాత్రం వేరు: ఆగితే చాలు, నూరు రూపాయల తప్పు ఇరవైకి వస్తుంది. ఫొటో తీసి వదిలేసిన మనిషి హెల్మెట్ లేకుండానే ఇంటి దాకా పోతాడు కదా. అక్కడే ఆపి, హెల్మెట్ తెచ్చుకునే దాకా బండి కదలనివ్వకపోతే ఆ పూట ఆ ప్రాణానికి భరోసా ఉంటుంది. సుబేదారి పోలీసు సోదరులకు ఎండలో ఇది కష్టమైన పని అని తెలుసు, వాళ్లంటే గౌరవంతోనే అడుగుతున్నాను. ఇంటర్ పిల్లల బండ్ల విషయంలో కూడా అంతే. పద్దెనిమిది నిండని వాడి చేతికి బండి తాళం ఇస్తే తండ్రికి మూడేళ్ల దాకా జైలు, 25,000 జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. ఇది 199ఏ సెక్షన్. కాలేజీలో చేర్చుకునే రోజునే ఈ ముక్క తల్లిదండ్రుల చేత చదివించి సంతకం తీసుకోమని ఇంటర్ విద్యాధికారి గారితో ఒక సర్క్యులర్ ఇప్పించండి. తాగి నడపడం గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. రాత్రి తనిఖీలు పెంచండి, పెళ్లిళ్ల కాలంలో మరీనూ.

ప్రమాదం జరిగాక చేయాల్సినదాని గురించి కూడా మీ కమిటీ మాట్లాడాలి. ఉత్తర తెలంగాణకంతా పెద్ద దిక్కు ఎంజీఎం ఆస్పత్రి మన నగరంలోనే ఉంది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 ఈ రోజు పల్లెపల్లెకూ తెలుసు. అయినా రోడ్డు మీద పడ్డ మనిషి చుట్టూ పదిమంది చేరి ఫోన్లలో తీస్తుంటారు, చేయి వేయడానికి జంకుతారు. ఠాణా చుట్టూ తిప్పుతారని భయం. సాయం చేసినవాళ్లు పేరు చెప్పాల్సిన పనిలేదు, సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టకూడదు, ఆస్పత్రిలో డబ్బు అడగకూడదు అని సుప్రీంకోర్టు 2016 మార్చి 30న చెప్పింది. తర్వాత అది 134ఏ సెక్షన్‌గా చట్టంలో చేరింది. ప్రమాద బాధితులకు ఏడు రోజుల దాకా, లక్షన్నర రూపాయల మేరకు నగదు కట్టకుండా చికిత్స చేసే పథకాన్ని కేంద్రం 2025 మేలో నోటిఫై చేసింది. గుద్ది పారిపోయిన కేసుల్లో 2022 ఏప్రిల్ 1 నుంచి మృతుడి కుటుంబానికి రెండు లక్షలు, తీవ్రంగా గాయపడ్డవాళ్లకు యాభై వేలు వస్తాయి. ఆ క్లెయిములు పరిష్కరించే కమిషనర్ కూడా జిల్లా కలెక్టరే, అంటే మీరే. దహనం అయిన మర్నాడు ఆ కుటుంబానికి ఈ డబ్బు సంగతి ఎవరు చెప్పాలి? ఎఫ్ఐఆర్ ప్రతితో పాటే దరఖాస్తు ఫారం కూడా చేతికిచ్చేలా చూడండి. వాళ్లను కార్యాలయాల చుట్టూ తిరగనివ్వొద్దు. వాళ్లు ఆ రోడ్డే మళ్లీ దాటి రావాలి.

ఏటా జనవరిలో రహదారి భద్రతా మాసోత్సవాలు జరుగుతాయి. ర్యాలీలు, వ్యాసరచన పోటీలు, ప్రతిజ్ఞలు. ఆ పోటీలకు నేనూ చాలాసార్లు పేపర్లు దిద్దాను. పిల్లలు చాలా బాగా రాస్తారు, అన్ని నియమాలూ వాళ్లకు తెలుసు. సాయంత్రం బయటికి వచ్చి అదే పిల్లలు బండ్ల మధ్య సందు చూసుకుని పరుగెత్తి రోడ్డు దాటుతారు. పరుగెత్తక తప్పదు కనుక పరుగెత్తుతారు. వచ్చే జనవరిలో ఒక్క ర్యాలీ తగ్గించి, ఆ ఖర్చుతో ఆర్ట్స్ కాలేజీ ముందు దాటుబాట పని మొదలుపెట్టించండి.

సుబేదారినే ఎందుకు ఎంచుకున్నానని అడగవచ్చు. ఇంతకన్నా ప్రమాదకరమైన చోట్లు జిల్లాలో ఉన్నాయి, కాదనను. కానీ మార్చగలిగినవాళ్లందరూ రోజూ తిరిగే రోడ్డు ఇది. ఇక్కడ చేసి చూపిస్తే, ఎలా చేశారో చూడటానికి ఏ ఇంజినీరూ ఎక్కడికీ పోనక్కర్లేదు. ఇక్కడే చేయలేకపోతే హసన్‌పర్తి రోడ్డు మీదో, పరకాల రోడ్డు మీదో చేస్తామంటే ఎవరు నమ్ముతారు?

మా వంతు పని మేము చేస్తాం. ఈ రోడ్డును ఏ చోట ఎంతమంది దాటుతున్నారో, గంటగంటకూ బండ్ల వేగం ఎంత ఉంటోందో లెక్కకట్టి ఇవ్వడానికి నాలాంటి రిటైరైన మాస్టర్లు ఉన్నారు, సైన్సు చదివే పిల్లలు ఉన్నారు. పైసా అడగం. కొలిచిన కాగితాలు తెచ్చి మీ బల్ల మీద పెడతాం.

మీ కమిటీ తర్వాతి సమావేశం తేదీని ముందుగా ప్రకటించండి. సుబేదారి రోడ్డును అందులో మొదటి అంశంగా పెట్టండి. ప్రమాదంలో మనిషిని పోగొట్టుకున్న కుటుంబాల నుంచి ఇద్దరిని, కాలేజీ పిల్లల నుంచి ఇద్దరిని ఆ గదిలోకి పిలిచి, వాళ్లు మాట్లాడేదాకా మిగతా ఎవరూ మాట్లాడకుండా చూడండి. పిలిస్తే మేమూ వస్తాం.

భవదీయుడు,
సుబేదారి నివాసి, విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు